చరిత్రోపాధ్యాయుల వృత్తిశిక్షణలో చారిత్రక స్థలాల ప్రయోజనం
(నంద్యాల – ఆళ్లగడ్డ ప్రాంతాల ఆధారంగా ఒక ప్రమాణ విచారం)

ప్రస్తావన

భౌతిక, రసాయన శాస్త్రాలను బోధించేవారికి ప్రయోగశాలలు ఉన్నవి. గణితోపాధ్యాయుడు తన సిద్ధాంతాన్ని నల్లబల్ల మీదనే నిరూపించి చూపగలడు. చరిత్రోపాధ్యాయునికి సాధారణంగా లభించేది పాఠ్యపుస్తకం ఒక్కటే. "ఈ సంగతి ఎట్లా తెలిసింది?" అని విద్యార్థి ప్రశ్నించినప్పుడు "పుస్తకంలో ఉన్నది" అనడం తప్ప ఆయనకు గత్యంతరం లేకపోతే, ఆ పాఠం విశ్వాసంగా మిగులుతుందే గాని జ్ఞానంగా పరిణమించదు. పరీక్ష ముగిసిన మరునాడే ఆ విశ్వాసం కూడా జారిపోతుంది. దాని స్థానాన్ని చలనచిత్రమో, తీర్థయాత్రా కరపత్రమో, వీధి ఉపన్యాసమో ఆక్రమిస్తుంది.

చరిత్రకు ప్రయోగశాలలు లేకపోలేదు. శాసనం నిలిచిన ఆలయ ప్రాంగణం, పనిముట్లు బయల్పడిన మట్టిపొర, వస్తువులను భద్రపరచిన ప్రదర్శనశాల, దస్తావేజులున్న భాండాగారం, ఇవే ఆ ప్రయోగశాలలు. అయితే వీటిని వాడుకొనే శిక్షణ ఉపాధ్యాయునికి ముందుగా కావాలి. అట్టి శిక్షణ ఎట్లా ఉండదగునో, అందుకు నంద్యాల, ఆళ్లగడ్డ పరిసరాలు ఎంతవరకు ఉపకరిస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వృత్త్యంతర శిక్షణ – పూర్వరంగం

ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయునికి నిరంతర శిక్షణ అవసరమన్న ఆలోచన కొత్తది కాదు. 1964–66 నాటి కొఠారీ విద్యాసంఘం సమీపంలోని పాఠశాలలు పరస్పరం సహకరించుకొనే పాఠశాలా సముదాయాలను సూచించినది. 1979లో స్థాపితమైన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం ఢిల్లీ ప్రధాన కార్యాలయంగా, హైదరాబాదు మొదలైన చోట్ల ప్రాంతీయ కేంద్రాలతో, ఉపాధ్యాయులకు కళలను, కట్టడాలను పరిచయం చేసే శిబిరాలను చేపట్టినది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ప్రయోగాత్మకంగా ఆరంభమైన ప్రాథమిక విద్యాపథకం ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచి, కృత్యం ద్వారా బోధన అన్న మాటను పల్లె బడులకు చేర్చినది. 1986 నాటి జాతీయ విద్యావిధానం ఫలితంగా జిల్లా విద్యా శిక్షణ సంస్థలు వెలసినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి వినియోగించాలని నిర్దేశించినది.

ఇతర దేశాలలో ఈ శిక్షణను చారిత్రక స్థలంతోనే ముడివేసిన పద్ధతి ఉన్నది. అమెరికాలో జాతీయ మానవీయశాస్త్రాల నిధి సహాయంతో పాఠశాలోపాధ్యాయులు ఒక చారిత్రక ప్రదేశంలో వారంపాటు నివసించి, పండితుల సాన్నిధ్యంలో మూలపత్రాలను చదివి, తిరిగి వెళ్లేనాటికి తమ తరగతికి పాఠం రూపొందించుకొనే కార్యక్రమాలు నడిచినవి. వాటి ప్రయోజనం ప్రదేశాన్ని చూడడంతో సిద్ధించేది కాదు. ఒక వాక్యం చరిత్రగా నిలవడానికి వెనుక ఎంత పరీక్ష జరుగుతుందో ఉపాధ్యాయుడు స్వయంగా అనుభవించడంలో సిద్ధించేది.

ఇక్కడ సాధారణంగా జరిగే విహారయాత్రలో ఈ అంశమే లోపిస్తున్నది. ఉపాధ్యాయులు పిల్లలతో మహానంది వెళతారు, కోనేటిలో స్నానం చేస్తారు, దర్శనం చేసుకొంటారు, ఛాయాచిత్రం తీసుకొంటారు. ఇవన్నీ మంచివే. కాని తిరిగివచ్చిన తరువాత చరిత్ర పాఠం పూర్వం ఎట్లా ఉన్నదో అట్లాగే ఉంటుంది.

ప్రమాణ విచారం

ఈ లోపాన్ని పూరించడానికి పరదేశపు పరిభాష కోసం వెదకనక్కరలేదు. జ్ఞానం ఏ మార్గాన కలుగుతుందన్న ప్రశ్నను న్యాయశాస్త్రం ఎంతో సూక్ష్మంగా విచారించినది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నైయాయికులు నాలుగు ప్రమాణాలను అంగీకరించినారు. వక్త ఎవరో తెలియకుండా పరంపరగా వచ్చే మాటను ఐతిహ్యమన్నారు. పౌరాణికులు దానిని వేరొక ప్రమాణంగా గ్రహించగా, నైయాయికులు శబ్దంలోనే అంతర్భవింపజేసినారు. శబ్దం ప్రమాణం కావడానికి దానిని పలికినవాడు ఆప్తుడై ఉండాలన్న నియమం కూడా చేసినారు.

చరిత్రోపాధ్యాయునికి ఈ విభాగం మిక్కిలి ప్రయోజనకరం. తన పాఠంలోని ఒక్కొక్క వాక్యం ఏ ప్రమాణం మీద నిలిచి ఉన్నదో గుర్తించగలిగిన నాడు ఆయన శిక్షితుడైనట్లే. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఈ ప్రమాణాలలో ప్రతిదానికీ ఒక అభ్యాసక్షేత్రం లభించడం విశేషం.

ప్రత్యక్షానుమానాలు – జ్వాలాపురం, బిల్లసర్గం

బనగానపల్లె సమీపాన జుర్రేరు లోయలో జ్వాలాపురం గ్రామమున్నది. అక్కడి మట్టిపొరల నడుమ తెల్లని బూడిదపొర ఒకటి కనిపిస్తుంది. సుమారు 74,000 ఏళ్ల క్రిందట సుమత్రా ద్వీపంలోని తోబా అగ్నిపర్వతం బ్రద్దలైనప్పుడు గాలిలో కొట్టుకొనివచ్చి పడిన ధూళి అది. ఆచార్య రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా ప్రభృతులు జరిపిన త్రవ్వకాలలో ఆ పొరకు దిగువనూ, ఎగువనూ రాతి పనిముట్లు లభించినవి. ఈ సంగతి 2007లో ప్రకటితమై ప్రపంచ విద్వాంసుల దృష్టిని ఆకర్షించినది.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఇవ్వదగిన అభ్యాసం సరళమైనది. కాగితాన్ని రెండు భాగాలు చేసి, ఎడమవైపు కంటికి కనిపించినది మాత్రమే వ్రాయమనాలి. తెల్లని పొర ఉన్నది, దాని క్రింద ఎర్రని మన్ను ఉన్నది, పై మన్ను రంగు వేరు అన్నంతవరకే ప్రత్యక్షం. కుడివైపు దాని నుండి ఊహించగలిగినది వ్రాయాలి. క్రింది పొర ముందుగా ఏర్పడినదనడం అనుమానం. రెండు పొరలలోను పనిముట్లు లభించినందువల్ల బూడిద పడిన తరువాత కూడా ఇక్కడ మనుషులు జీవించినారనడం మరొక అనుమానం. ఆ పనిముట్లను చేసినవారు ఆధునిక మానవజాతికి చెందినవారేనా అన్నది ఇంకా దూరంగా సాగిన ఊహ. త్రవ్వినవారు అవునన్నారు. ఇతర పండితులు కాదన్నారు. ఆ వాదం నేటికీ తెగలేదు. పొగను చూచి నిప్పును ఊహించడంలో వ్యాప్తి ఎంత దృఢమో, రాతిపలుకును చూచి మనిషిజాతిని ఊహించడంలో అది అంత దృఢం కాదని ఉపాధ్యాయుడు ఇక్కడ నేర్చుకొంటాడు. తన కుడివైపు వ్రాతలలో ఎన్ని వాక్యాలు నిజానికి ఎడమవైపు చేరదగినవి కావో, ఎన్నింటిని తాను ప్రత్యక్షంగా భ్రమించినాడో గమనించడమే ఈ అభ్యాసంలోని సారం.

బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలు రెండవ పాఠం చెబుతాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880లలో ఈ గుహలను త్రవ్వించి అనేక జంతువుల ఎముకలను వెలికితీసినాడు. ఫుట్ దేశమంతటా సేకరించిన ప్రాచీన వస్తుసంచయం నేటి చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరినది. త్రవ్విన నేల ఒకచోట, దొరికిన వస్తువులు మరొకచోట ఉండడం పురావస్తువులకు తరచు సంభవించేదే. కనుక ప్రదర్శనశాలలో వస్తువు కంటె ముందు దాని ప్రక్కనున్న చీటీని చదవడం ఉపాధ్యాయుడు నేర్వాలి. లభ్యస్థలం, లభ్యమైన పొర, సేకరించినవారు, చేరిన సంవత్సరం, ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా ఆ మేరకు వస్తువు మూగపోతుంది. ఊరిలో దొరికిన విగ్రహాన్నో, నాణేన్నో తెచ్చి పాఠశాల బీరువాలో దాచే ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయుడు, దొరికిన చోటును నమోదు చేయకపోతే, మంచి ఉద్దేశంతోనే సాక్ష్యాన్ని చెరిపినవాడవుతాడు.

జ్వాలాపురం విషయంలో మరొక బాధ్యత కూడా ఉన్నది. పాత్రలు తోమే పొడికి పనికివస్తుందని అక్కడి బూడిదను త్రవ్వి తరలించడం జరిగినది. దాని విలువ తెలియని కూలీని నిందించి ప్రయోజనం లేదు. ఆ విలువను ఆ కూలీ పిల్లలకు చెప్పవలసినవాడు ఆ ఊరి ఉపాధ్యాయుడు. ఆయనకే తెలియకపోతే చెప్పేవారెవరు?

ఉపమానం – మహానంది, ఆళ్లగడ్డ

గవయమృగాన్ని ఎన్నడూ చూడని నాగరికునితో "అది ఆవు వలె ఉంటుంది" అని అడవివాడు చెప్పగా, అతడు అడవికి వెళ్లి అట్టి మృగాన్ని చూచి "ఇదే గవయం" అని గుర్తించడం ఉపమానానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. వాస్తు శిల్పాల అధ్యయనం అంతా ఈ మార్గాననే సాగుతుంది. అలంపురంలోని నవబ్రహ్మాలయాలు బాదామి చాళుక్యుల కాలానివి. వాటి శిఖరాలు అంచెలంచెలుగా వంపుదిరిగి పైకి లేచి ఆమలకంతో ముగుస్తాయి. అలంపురాన్ని శ్రద్ధగా చూచిన ఉపాధ్యాయుడు మహానంది గర్భాలయ శిఖరాన్ని చూడగానే అదే రేఖానాగర సంప్రదాయమని గుర్తించగలడు. దాని చుట్టూ ఉన్న మండపాలు, గోపురం వేరు రీతిలో ఉండడం కూడా అప్పుడే ఆయన దృష్టికి వస్తుంది. "ఈ గుడి ఎప్పుడు కట్టినారు?" అన్న ప్రశ్నకు ఒకే సంవత్సరం సమాధానంగా చెప్పరాదని, ఒక ఆలయంలో అనేక శతాబ్దాలు ప్రక్కప్రక్కనే నిలిచి ఉంటాయని అప్పుడు బోధపడుతుంది.

ఉపమానానికి ఇంతకంటె సన్నిహితమైన పాఠశాల ఆళ్లగడ్డ. అహోబిల క్షేత్రానికి ద్వారం వంటి ఈ పట్టణం శిలాశిల్పానికి ప్రసిద్ధి. ఇక్కడి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. చరిత్ర పుస్తకంలో "విజయనగర కాలంలో శిల్పకళ వర్ధిల్లినది" అన్న వాక్యం ఉంటుంది. ఆ వాక్యానికి అర్థం తెలియాలంటే ఉలి దెబ్బ వినాలి. శిల్పి రాతిని ఎన్నుకోవడం, తాళమానం ప్రకారం గీతలు గీయడం, పెద్ద ఉలితో మోటుగా చెక్కి రూపం తెప్పించడం, సన్న ఉలితో ముఖం, ఆభరణాలు తీర్చడం, చివరకు నునుపు పెట్టడం, ఈ క్రమాన్ని ఒక పూట కూర్చుండి చూచిన ఉపాధ్యాయుడు తరువాత ఏ ప్రాచీన విగ్రహాన్ని చూచినా దానిలో పని దశలను గుర్తించగలుగుతాడు. నేడు కోతకు, నునుపుకు యంత్రాలు వచ్చినవి. కనుక ఏ పని యంత్రం మార్చినది, ఏ పని మార్చలేదు అని శిల్పినే అడగవచ్చు.

ఇక్కడ ఉపాధ్యాయుడు శిష్యుడు, శిల్పి గురువు. వృత్తిశిక్షణలో ఈ తారుమారు ఎంతో మేలు చేస్తుంది. రాయి ఎక్కడి నుండి వచ్చింది, ఒక విగ్రహానికి ఎన్ని దినాలు పడుతుంది, ఎందరు కలిసి పనిచేస్తారు, బయానా ఎంత, మిగిలిన సొమ్ము ఎప్పుడు ముడుతుంది అని అడిగి వ్రాసుకొన్న ఉపాధ్యాయునికి అహోబిలం మండపాలలోని వందల స్తంభాలు కొత్తగా కనిపిస్తాయి. వాటి వెనుక రాజు పేరుతో పాటు రాతిగని, బండ్లు, కూలీ, ధాన్యం, అన్నీ ఉన్నవని అర్థమవుతుంది. ఆర్థిక చరిత్రకు ఇంతకంటె మంచి ఉపోద్ఘాతం దొరకదు.

శబ్దం – అహోబిల శాసనాలు

శబ్దప్రమాణానికి అహోబిలం సమృద్ధమైన క్షేత్రం. శాసనంలో సాధారణంగా శకవర్షం, పాలించే రాజు, దాత, దానం, దాని ఫలం, భంగం చేసినవారికి శాపం అన్న అంగాలు ఉంటాయి. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం స్థూలంగా వస్తుందన్న చిన్న సూత్రం, కొన్ని ప్రాచీన లిపిరూపాల పరిచయం ఉంటే ఉపాధ్యాయుడు ముద్రిత పాఠం చేతబట్టుకొని రాతిమీది అక్షరాలను పోల్చుకోగలడు. ఆ తరువాత అడగవలసిన ప్రశ్నలు మూడు. ఈ మాట ఎవరిది? ఎవరిని ఉద్దేశించినది? ఏ ప్రయోజనం కోసం శాశ్వతం చేయబడినది? వక్త ఆప్తుడా కాదా అన్న శాస్త్రవిచారానికి ఇవి లౌకిక రూపాలు.

కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రల కాలంలో ఈ క్షేత్రాన్ని దర్శించి స్వామికి ఆభరణాదులు సమర్పించినట్లు శాసనం చెబుతున్నది. ఇది దానశాసనం గనుక దానం విషయంలో బలమైన సాక్ష్యం. విజయాల వర్ణన విషయంలో అది రాజు పక్షపు మాట. ఒకే శాసనంలో ఒక భాగం ఎక్కువ నమ్మదగినది, మరొక భాగం తక్కువ నమ్మదగినది కావచ్చునన్న వివేకం ఇక్కడ అలవడుతుంది.

ఇంతకంటె క్లిష్టమైనది 1580ల నాటి శాసనం. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సేనలు హండె నాయకుల తోడ్పాటుతో అహోబిలాన్ని ఆక్రమించినట్లు, అనంతరం అహోబిల మఠాధిపతుల అభ్యర్థనపై విజయనగర ప్రభువు శ్రీరంగరాయల కాలంలో కొండ్రాజు వెంకటరాజు దానిని తిరిగి సాధించినట్లు అందులో ఉన్నది. ఈ శాసనం ముందు నిలిచిన ఉపాధ్యాయుడు రెండు విధాల తప్పుదోవ పట్టగలడు. పిల్లల మనస్సు నొచ్చుకొంటుందని దానిని దాటవేయడం మొదటిది. దానిని రెండు మతాల యుద్ధంగా చెప్పి ముగించడం రెండవది.

ప్రమాణాలను సమగ్రంగా చదివితే ఈ రెండూ నిలవవు. ఆక్రమణ జరిగినదని శాసనమే చెబుతున్నది. దాచవలసిన అవసరం లేదు. అయితే ఆక్రమించిన సేనకు తోడుపడిన హండె నాయకులు హైందవులేనని కూడా అదే శాసనం వల్ల తెలుస్తున్నది. ఆ ఇబ్రహీం కుతుబ్ షా రాజ్యానికి రాకముందు ఏడేళ్లు విజయనగరంలో ఆశ్రయం పొందినవాడు. తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించిన ప్రభువు ఆయనే. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చినాడు. ఆయన ఉద్యోగి అమీన్ ఖానుకు పొన్నగంటి తెలగన అచ్చ తెలుగు కావ్యమైన యయాతి చరిత్రను అంకితమిచ్చినాడు. అహోబిల శాసనం, ఈ కావ్యాల అవతారికలు, రెండూ శబ్దప్రమాణాలే. ఒకటి దెబ్బతిన్నవారి మాట, మరొకటి ఆదరణ పొందినవారి మాట. రెండింటినీ ఒకే బల్లమీద ఉంచి, రాజ్యవిస్తరణ, సరిహద్దు కోటలు, ఆలయసంపద, సామంతుల మార్పిడులు అన్న కారణాలను విచారించగలిగిన ఉపాధ్యాయుని తరగతిలో పిల్లలు ద్వేషాన్ని గాని, అబద్ధాన్ని గాని నేర్చుకోరు. చరిత్ర బోధనలో ఇంతకంటె బరువైన బాధ్యత లేదు. దానికి సిద్ధం చేయని శిక్షణ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అసంపూర్ణమే.

ఐతిహ్యం – యాగంటి, ఉయ్యాలవాడ

యాగంటి బసవన్న పెరుగుతున్నాడన్న ప్రతీతి ఈ సీమలో ప్రతి పిల్లవానికీ తెలుసు. ఇరవై ఏళ్లకు ఒక అంగుళం పెరుగుతున్నట్లు పురావస్తుశాఖ నిర్ధారించినదని కూడా చెప్పుకొంటారు. దీనిని ఖండించడం ఉపాధ్యాయుని పని కాదు. "ఎవరు కొలిచినారు? ఏ సంవత్సరంలో? ఆ కొలత ఎక్కడ వ్రాసి ఉన్నది?" అని పిల్లలచేత అడిగించడం ఆయన పని. భక్తి తన చోట నిలుస్తుంది. కొలత మాత్రం కొలతగానే పరీక్షకు నిలవాలి.

ఐతిహ్యానికి విలువ లేదనుకోవడం కూడా పొరపాటే. ఏటా సంక్రాంతి అనంతరం అహోబిల నరసింహస్వామి పారువేటకు బయలుదేరి నలభై దినాలకు పైగా చుట్టుపట్ల పల్లెలలో విడిది చేస్తాడు. చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామి అత్తవారి బంధువులను పలుకరించడానికి వస్తున్నాడని జనుల మాట. ఈ కథ నరసింహుని గురించి ఎంత చెబుతున్నదో పక్కన ఉంచినా, నల్లమల చెంచులకు, మైదానపు రైతులకు, ఆలయానికి నడుమ నెలకొన్న సంబంధాలను గురించి ఎంతో చెబుతున్నది. ఏ పల్లెలో ఏ కులంవారు ఏ సేవ చేస్తారో నమోదు చేసిన ఉపాధ్యాయుడు తన ఊరు దాటకుండానే సామాజిక చరిత్రకు మూలాధారం సమకూర్చినవాడవుతాడు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వృత్తాంతంలో ఐతిహ్యం, అధికార పత్రం, చలనచిత్రం మూడూ ఎదురుపడతాయి. నొస్సం పాలెగాండ్ర వంశంతో సంబంధం గల ఆయన తవర్జీ విషయంలో అవమానితుడై, 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేసినాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడినాడు. కుంఫిణీ పత్రాలు ఆయనను దొంగలనాయకునిగా చూచినవి. రేనాటి జానపదులు వీరునిగా పాడినారు. 2019లో వెలువడిన సైరా నరసింహారెడ్డి చిత్రం ఆయనను దేశమంతటికీ పరిచయం చేసినది. నేటి పిల్లలకు తెలిసినది ఈ మూడవ రూపమే.

ఇక్కడ శిక్షణ పొందే ఉపాధ్యాయుడు ఒక వింతను ఎదుర్కొంటాడు. కర్నూలు జిల్లా పాత పత్రాలలో ఈ తిరుగుబాటును వెదకితే సరిపోదు. ఆనాడు కోవెలకుంట్ల కడప జిల్లాలోనిది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడే దానిలో చేరినది. కనుక కడప కలెక్టరు ఉత్తర ప్రత్యుత్తరాలే ముఖ్యాధారం. జిల్లా ఎల్లలు మారినప్పుడు పత్రాల దారి కూడా మారుతుందన్న ఈ చిన్న సంగతి, 2022లో మరల జిల్లా మారిన ఈ ప్రాంతపు ఉపాధ్యాయులకు మరింత స్పష్టంగా అర్థమవుతుంది. పన్ను, ఇనాము, తవర్జీ అన్న మాటలు వెనుకటి కథను చెబుతాయి. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తం చేయడం, థామస్ మన్రో పాలెగాండ్రను అణచి రైతువారీ పద్ధతిని నెలకొల్పడం తెలియకుండా 1846 అర్థం కాదు.

ఆ దత్తమండలం అన్న పేరు పోయి రాయలసీమ అన్న పేరు వచ్చినది కూడా నంద్యాలలోనే. 1928 నవంబరులో ఇక్కడ జరిగిన సభలలో ఈ పేరు ప్రతిపాదితమైనది. దానిని సూచించినది గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని చాలాకాలం ప్రచారంలో ఉన్నది. ఆనాటి ఆధారాలను పరిశీలించినవారు ఆ గౌరవం చిలుకూరి నారాయణరావుకు చెందుతుందని చూపినారు. నూరేళ్లు నిండని సంగతిలోనే పేరు మారిపోగలిగితే వేయేళ్ల నాటి సంగతులలో ఎంత జాగరూకత కావలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

శిక్షణ క్రమం

పై విచారం నుండి ఒక ఆచరణీయమైన క్రమం ఏర్పడుతుంది. ఇరవైమందికి మించని ఉపాధ్యాయ బృందం, ఒక స్థలం, రెండు దినాలు చాలును. ఐదు స్థలాలను ఒక్క దినంలో చుట్టివచ్చే యాత్ర కంటె ఒకే స్థలంలో గడిపిన రెండు దినాలు మిక్కిలి ఫలవంతం.

బయలుదేరకముందు ఆ స్థలానికి సంబంధించిన రెండు మూడు మూలపాఠాలు చదవాలి. మొదటి దినం ఉదయం వ్యాఖ్యాత మౌనంగా ఉండి, ఉపాధ్యాయులను తమ కన్నులతో చూడనివ్వాలి. ఒక స్తంభాన్నో, ఒక శాసనాన్నో ఎన్నుకొని అర్ధగంటపాటు గమనించి గీయమనాలి. వివరణ మధ్యాహ్నం మొదలుపెట్టాలి. ముందే వివరణ విన్న కన్ను విన్నదానినే చూస్తుంది.

రెండవ దినం ప్రతి ఉపాధ్యాయుడు ఒక ప్రమాణపత్రిక పూరించాలి. దానిలో ఐదు గడులు చాలు: చూచినది, ఊహించినది, పోల్చి గుర్తించినది, వ్రాతవల్ల తెలిసినది, జనుల మాటవల్ల తెలిసినది. ఒక్కొక్క గడిలోని వాక్యాన్ని తోటివారు ప్రశ్నిస్తారు. నిలిచిన వాక్యాలతో నలభై నిమిషాల పాఠం ఒకటి కూర్చాలి. ఆ పాఠాన్ని తన తరగతిలో బోధించిన తరువాత, ఒకటి రెండు నెలలకు పాఠశాలా సముదాయ సమావేశంలో ఫలితాన్ని నివేదించాలి. ఈ చివరి దశ లేని శిక్షణ ధ్రువపత్రంతో ముగిసిపోతుంది.

ఆచరణలోని ఇబ్బందులు

ఈ ప్రాంతపు చారిత్రక స్థలాలలో అధికభాగం పూజలందుకొనే ఆలయాలు. ఆలయ మర్యాదకు, అర్చకుల సమయానికి, భక్తుల రద్దీకి అనుగుణంగా శిక్షణను అమర్చుకోవాలి. ముందుగా అనుమతి పొందడం, పర్వదినాలను విడిచిపెట్టడం అవసరం. శాసనాక్షరాలు స్పష్టంగా కనిపించడానికి సుద్దపొడి, విభూతి, నూనె పూయడం ఎంతమాత్రం తగదు. అవి రాతికి హాని చేస్తాయి. ప్రాచీన కట్టడాలకు 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం రక్షణ కల్పిస్తున్నవి. ఆ చట్టాల ప్రాథమిక నియమాలు కూడా శిక్షణలో భాగం కావాలి.

పాఠ్యప్రణాళిక, పరీక్షల ఒత్తిడి మరొక ఇబ్బంది. స్థానిక స్థలం ప్రశ్నపత్రంలో రాదు కదా అన్న ఆక్షేపం సహజం. కాని మట్టిపొర అంటే ఏమిటో జ్వాలాపురంలో గ్రహించిన విద్యార్థికి హరప్పా పాఠం కంఠస్థం చేయవలసిన పని తగ్గుతుంది. అహోబిలంలో ఒక దానశాసనం అర్థమైనవానికి దేశంలోని ఏ దానశాసనమైనా సగం అర్థమైనట్లే.

ఉపసంహారం

చారిత్రక స్థలంలో ఉపాధ్యాయుడు సేకరించుకోవలసినది సమాచారం మాత్రమే అయితే, దానిని పుస్తకమే ఇవ్వగలదు. అక్కడ ఆయనకు అలవడవలసినది ప్రమాణ వివేకం. చూచినదానిని ఊహ నుండి, వ్రాతను వదంతి నుండి వేరుచేసి, దేనికి తగిన విలువ దానికి ఇవ్వగల బుద్ధి అది. న్యాయశాస్త్రాన్ని, శాసనభాషను, కావ్యావతారికలను అధ్యయనం చేసే ప్రాచ్యకళాశాలలకు ఈ శిక్షణలో సహజమైన స్థానం ఉన్నది. శాసనపాఠాలను సులభవ్యాఖ్యలతో సిద్ధపరచి ఉపాధ్యాయులకు అందించడం ఆ కళాశాలలు చేయదగిన మొదటి పని.

జ్వాలాపురపు బూడిదపొర తరుగుతున్నది. రేనాటి వీరగాథలు పాడే గొంతులు తగ్గుతున్నవి. ఇవి పూర్తిగా అంతరించకముందే ఆ ఊళ్ల ఉపాధ్యాయులు వాటిని చదవడం నేర్చుకొన్న పక్షంలో, "ఇది ఎట్లా తెలిసింది?" అని అడిగిన పిల్లవానిని వారు పుస్తకం వైపు కాక, ఊరి వెలుపలి నేల వైపు నడిపించగలుగుతారు.